పొట్టి షాఫ్టు

రాయమల్లన్న ఆటోలోంచి దింపిన ఇంజిన్‌ను చూడగానే నాకు ఒళ్ళు మండింది. ముందు ఒక మాట అడక్కుండా సామాను పట్టుకొచ్చి, ఆ తర్వాత "ఎట్లనన్న జెయ్యి వజీర్ భాయ్" అనేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ పడదు. గోదావరిఖనిలో లేతు మిషన్ పెట్టుకున్నప్పటి నుంచి నేను చేసిన పనిలో సగం, ఇట్లాంటి వాళ్ళ తొందరపాటును సరిదిద్దడమే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నా భార్య షహనాజ్ అంటుంది. దాన్ని ఆ ముక్కు మీదికి తెచ్చిపెట్టేది ఎవరో మాత్రం ఆమె ఎన్నడూ అడగదు.

ఇంజిన్ మంచిదే. పొలానికి నీళ్ళు తోడే చిన్న పెట్రోలు పంపుది. పంపు ఇంజిన్లకు షాఫ్టు పొట్టిగా ఉంటుంది. నీళ్ళను తోసే ఫ్యాను సీసాకు మూతలా నేరుగా దాని మీది మరల మీదే బిగుస్తుంది కాబట్టి వాటికి పొడుగుతో పనిలేదు. ఆయన పాత చీర ముక్కలో చుట్టి తెచ్చిన క్లచ్చు సంగతి వేరు. ఇంజిన్ జోరు పెరిగితే పట్టుకుని, జోరు తగ్గితే వదిలేసే రకం అది. అది కూర్చోవాలంటే షాఫ్టు బెత్తెడైనా బయటికి రావాలి, నున్నగా ఉండాలి. ఈ షాఫ్టు నా బొటనవేలంత కూడా లేదు, ఉన్న కాస్తా మరలే.

"దేనికి బిగించాలె దీన్ని?" అన్నాను.

"సారవ్వ బండికి."

ఆ మాటతో నా కోపం కొంచెం కిందికి దిగింది. సారవ్వ ఆయన భార్య. గని గేటు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. రెండో షిఫ్టు వాళ్ళు వచ్చే వేళకు ఆమె పొయ్యి వెలగకపోతే, డ్యూటీకి పోయేవాళ్ళు గేటు దగ్గర నిలబడి మరీ ఆరా తీస్తారు. వాళ్ళుండేది కమాన్‌పూర్ దిక్కున్న పునరావాస కాలనీలో. ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గుగని కిందికి పోయినప్పుడు ఇచ్చిన జాగాలు అవి. కాలనీ పల్లంలో ఉంది, రోడ్డు మిట్ట మీద ఉంది. పొయ్యి, పెనం, పిండి, నీళ్ళ క్యాను పెట్టిన ట్రాలీ రిక్షాను రోజూ ఆ ఎత్తు ఎక్కించాలి. ఆయన ముందు నుంచి లాగుతాడు, ఆమె వెనక నుంచి నెడుతుంది. ఆయన నడుము గనిలో మట్టి మోసే డంపర్ సీటు మీద ఎప్పుడో అరిగిపోయింది. ఆమె మోకాళ్ళు ఈ బండి వెనక అరుగుతున్నాయి. ఇక బండి నెట్టొద్దని దవాఖానలో డాక్టరమ్మ తెగేసి చెప్పింది. నెట్టకపోతే రొట్టెలు లేవు. రొట్టెలు లేకపోతే సారవ్వ ఏమైపోతుందో నేను ఊహించలేను. పనిలేకుండా ఇంట్లో కూర్చోబెడితే గోడలతోనైనా కొట్లాడే మనిషి ఆమె.

"బ్యాటరీ ట్రాలీ కొత్తది తీసుకోరాదే అన్నా. గీ అతుకుల పని ఎందుకు?"

"పైసలు భూమికి పెట్టిన. ముట్టేది లేదు."

ఆ సంగతి కూడా నాకు తెలుసు. పొలానికి వచ్చిన పరిహారం బ్యాంకులో వేసి, ప్రతి ఆదివారం ఆయన భూమి చూడటానికి పోతాడు. ఒకచోట రాళ్ళంటాడు, ఒకచోట నీళ్ళు లేవంటాడు, అన్నీ ఉన్నచోట దారి లేదంటాడు. పోయిన పొలంలాంటిది ఇంకొకటి ఎక్కడైనా దొరుకుతుందా? ఏళ్ళు గడిచాయి. మంచిర్యాల దాకా పోయి చూసొచ్చాడు గానీ ఒక్క గుంట భూమి కొనలేదు.

నేను పద్ధతి చెప్పాను. "షాఫ్టు బయటికి తీస్త. మరలు తీసేసి నున్నగ చేసి, పొడుగు ముక్క వేడి మీద ఎక్కించి అతుకుత. నువ్వూ నేనూ పోయినా అది ఊడదు."

"మళ్ళ పంపు ఎక్కుతదా?"

"మరలే పోయినంక ఎట్ల ఎక్కుతది?"

"అయితె వద్దు. మరలు ఉండాలె. పొలం కొన్నంక మళ్ళ పంపుకే పెట్టుకుంట."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అనేశాను. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. రాయమల్లన్న ఇంజిన్ మీద పడ్డ దుమ్మును తువ్వాలతో తుడుస్తూ, తనలో తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు: "డంపర్ల మట్టి తీస్కపోయి ఎవలెవల పొలాల మీదనో పోసిన. నా పొలం మీద ఇంకెవలో పోసిన్రు. ఎవల్నేమంట? గీ ఇంజిన్ ఒక్కటి మిగిలింది."

మరునాడు పొద్దున సారవ్వ తానే షాపుకు వచ్చింది. కొంగులో వేడివేడిగా నాలుగు రొట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టి, నిలబడే దండయాత్ర మొదలుపెట్టింది.

"ఆ మరలు కొయ్యి తమ్మీ, ఆయన మాట ఇనకు. ఆ ఇంజిన్ను మంచం కింద పెట్టుకొని పండుతడు. పండుగొచ్చినట్టు నెలకోపారి బయటికి తీసుడు, తుడుసుడు, స్టార్ట్ చేసి చప్పుడు ఇనుడు, మళ్ళ లోపట పెట్టుడు. ఇల్లంత పొగ. కొడుకునన్న గంత ముద్దు జెయ్యలే."

"ఆయనకు పొలం మీద ఆశ ఉన్నది గదక్కా."

"ఏం పొలం? మట్టిగుట్ట కింద ఉన్నదాన్ని ఎన్నొద్దులు యాది జేసుకుంటం? నేను ఎప్పుడో మర్సిపోయిన. ముందు నా మోకాళ్ళ సంగతి సూడు."

ఆమె మాట సబబుగానే ఉంది. కానీ ఇంజిన్ తెచ్చింది ఆయన. పైగా నిన్నటి నా సామెత నన్నే పొడుస్తోంది. అందుకని మధ్యేమార్గం పట్టాను. షాఫ్టు జోలికి పోకుండా దాని మీద తొడుగు వేద్దామనుకున్నాను. గట్టి ఇనుప కడ్డీ ముక్క తీసుకుని, ఒక కొసన లోపలి వైపు షాఫ్టు మరలకు సరిపోయే మరలు కోశాను. రెండో కొసను బయటి నుంచి నున్నగా తిప్పి క్లచ్చు కూర్చునేట్టు చేశాను. వెంట్రుకవాసి వంకర ఉన్నా బండి మొత్తం వణుకుతుంది కాబట్టి మూడుసార్లు పారేసి నాలుగోసారి మళ్ళీ చేశాను. షహనాజ్ అన్నం తినమని పిలిచి పిలిచి విసిగిపోయింది.

ఈ తొడుగుకు ఒక గుణముంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు బరువు పడేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. దిగేటప్పుడు చక్రాలే ఇంజిన్‌ను తోశాయనుకో, మరలు వెనక్కి విప్పుకుంటాయి. విప్పుకోకుండా వెనక లాక్‌నట్టు వేద్దామంటే చోటు లేదు. షాఫ్టు పొట్టిది కాబట్టే గదా ఈ తిప్పలన్నీ. పక్క నుంచి చిన్న స్క్రూ ఒకటి బిగించి, మిగతాది నోటితో బిగించాను.

"అన్నా, మంచిగ ఇను. దిగుడు మొదలు కాకముందే యాక్సిలేటర్ మొత్తం ఇడిసిపెట్టాలె. క్లచ్చు వదులుతది. ఉత్త బ్రేకు మీద మెల్లగ దిగాలె. ఇంజిన్‌తోటి ఆపుత అంటే మరలు ఇప్పుకుంటయ్."

ఆయన తల ఊపాడు. ఆ తల ఊపుడును నేను నమ్మాను.

మొదటి రోజు ఆ మిట్ట ఎక్కడం చూడటానికి కాలనీలో ఆడవాళ్ళంతా వాకిళ్ళలోకి వచ్చారు. రాయమల్లన్న హ్యాండిల్ పట్టుకున్నాడు. సారవ్వ పిండి డబ్బాను ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. ఇంజిన్ జోరు పెంచగానే క్లచ్చు పట్టుకుంది, బండి ఒక్క కుదుపు కుదిపి ఎత్తు అందుకుంది. పక్కింటి ఐలవ్వ "సారవ్వ కారెక్కింది రోయ్" అని అరిస్తే, ఈమె "నీకూ టికెట్ కొడుత, రా" అని తిరిగి అరిచింది. సారవ్వ నవ్వితే ఎట్లా ఉంటుందో నేను చూడటం అదే మొదటిసారి. నా చేతిపని చూసుకుని నాకు గర్వంగా అనిపించింది, దాచడం ఎందుకు.

పది పన్నెండు రోజులు అంతా బాగానే నడిచింది. ఆ తర్వాత ఒక సాయంత్రం ఐలవ్వ దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

నేను స్కూటర్ వేసుకుని పోయేసరికి ట్రాలీ దిగుడు మధ్యలో పక్కనున్న మట్టికుప్పలోకి ముక్కు దూర్చి నిలబడి ఉంది. పిండి రోడ్డంతా తెల్లగా పరుచుకుంది. క్లచ్చు తొడుగుతో సహా ఊడి కాలువ గట్టున పడింది. ఒక్కసారిగా ఇంజిన్ పట్టు పోయేసరికి బరువైన బండి కిందికి ఉరికిందట. బ్రేకు ఒక్కటే దాన్ని ఆపలేకపోయింది. ఆయన కావాలనే మట్టిలోకి తిప్పాడు. అప్పటికింకా చల్లారని పెనం సారవ్వ ముంజేతి మీద పడింది. ఐలవ్వ ఆ చేతి మీద నీళ్ళు పోస్తోంది. సారవ్వ పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది గానీ ఏడవలేదు.

నేను తొడుగు చేతిలోకి తీసుకుని, షాఫ్టును వంగి చూశాను. స్క్రూ కొస మరల మీద గీరుకుంటూ వచ్చిన గుర్తు చుట్టలు చుట్టలుగా ఉంది. ఒక్కరోజులో ఊడింది కాదు. రోజూ కొంచెం కొంచెం విప్పుకుంది.

"ఇంజిన్ పట్టు మీదనే దిగినవా?"

"మరెట్ల దిగుతరు?"

"ఇడిసిపెట్టమని చెప్పలేదా నేను? తల ఊపలేదా నువ్వు? చెవులు ఎక్కడ పెట్టుకున్నవ్?" నడిరోడ్డు మీద గొంతు చించుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే ఇట్లాంటి మనిషికి పని చేసిపెట్టడం నాదే తప్పని కూడా అన్నాను.

ఆయన అంతా విన్నాడు. విన్న తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"దిగుడుల బండిని ఇడిసిపెట్టుడేంది వజీర్ భాయ్? డంపర్ ఎక్కిన మొదటి దినం మాకు నేర్పిన మాట అది. లోడుతోటి దిగేటప్పుడు గేరు తియ్యద్దు, ఇంజిన్ పట్టు ఇడువద్దు. ఉత్త బ్రేకును నమ్ముకొని దిగినోళ్ళు ఇద్దరిని నేను నా భుజం మీద మోసిన. నువ్వు చెప్పింది యాదికుంది. నోటితోటి అనుకుంటనే దిగిన. చెయ్యి ఇనలే."

  ఆ క్లచ్చు ఉన్నదే వదలడానికి. ఈయన బతికి బట్టకట్టిందేమో వదలకపోవడం వల్ల. నేను మరల లెక్క చూసుకున్నాను, మనిషి లెక్క చూసుకోలేదు. అన్నేళ్ళు దిగుడులో పట్టు వదలని చేతిని ఒక్క మాటతో వదిలించగలనని ఎట్లా అనుకున్నానో నాకే తెలియదు. చేయి మారదు కాబట్టి షాఫ్టే మారాలి. ఆ సంగతి నేను చెప్పకముందే ఆయనకు అర్థమైంది.

దవాఖానలో సారవ్వ చేతికి కట్టు కడుతున్నప్పుడు బయట బెంచీ మీద నా పక్కన కూర్చుని అన్నాడు, "కొయ్యి. అతుకు."

నేను ఆయన మొహంలోకి చూశాను.

"మరలు గిట్ల ఏం మిగలకున్నా ఫికర్ లేదు. గట్టిగ అతుకు."

కట్టు కట్టించుకుని వచ్చిన సారవ్వ ఆ మాట వింది. "నా చెయ్యి కాలితె గాని నీ చెవులు తెరుసుకోలే" అంది. ఆమె గొంతులో గెలిచిన సంబరం ఏమీ లేదు. అలసట మాత్రం ఉంది. ముగ్గురం ఆటో దొరికేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాం.

ఇంజిన్ తీసుకుపోవడానికి మరునాడు పొద్దున్నే నేను కాలనీకి పోయాను. దారిలో సీసాలో పెట్రోలు కూడా పట్టించుకున్నాను. అతికిన తర్వాత ఇంజిన్ తిప్పి చూడటానికి అది చాలు. వాకిట్లో రాయమల్లన్న ట్రాలీ నుంచి ఇంజిన్‌ను అప్పటికే విప్పి పెట్టాడు. దాని పక్కన పంపు ఉంది, నీళ్ళ పైపు చుట్ట ఉంది. అన్నీ తుడిచి, వరసగా పేర్చి ఉన్నాయి.

"ఒక్కపారి ఎక్కియ్యి" అన్నాడు.

"దేనికి?"

"ఒక్కపారి."

నాకు షాపులో పని ఉంది. అయినా ఎందుకో కాదనలేకపోయాను. స్క్రూ గీరిన చోట మరలు లేచి ఉంటే సన్న ఆకురాయితో నిదానంగా సాపు చేశాను. ఫ్యాను తిప్పితే హాయిగా ఎక్కింది. దానిది అదే చోటు గదా. పంపు డొప్ప మూసి నట్లు బిగించాను. ఇద్దరం కలిసి మోసుకుని ఇంటి వెనక్కి పోయాం.

వెనక కాలువ ఉంది. ఓపెన్‌కాస్టులోంచి తోడి వదిలే నీళ్ళు అందులో పారుతుంటాయి. కాలువకు ఇవతల ఎవరూ ఇళ్ళు కట్టుకోని జాగాలు. రాళ్ళు, తుమ్మకంప, ప్లాస్టిక్ కవర్లు. ఒక పైపు కాలువలో వేసి, రెండోది ఆ జాగాలోకి వదిలాడు. సారవ్వ కట్టు చేయి కొంగులో పెట్టుకుని దొడ్డి గుమ్మంలో నిలబడింది.

"సూస్తున్నవా తమ్మీ! తుమ్మకంపకు నీళ్ళు పెడుతడట. పిచ్చి లేసింది."

ఆయన తాడు గుంజాడు. రెండో గుంజుకు ఇంజిన్ అందుకుంది. పైపు ఉబ్బి, కొంచెంసేపు గాలి కక్కి, తర్వాత నల్లటి నీళ్ళు, ఆ తర్వాత తేట నీళ్ళు దబదబా పడ్డాయి. ఎండిన నేల మొదట నీళ్ళను మింగింది. మింగినంత మింగి, పల్లం వెతుక్కుంటూ పక్కకు వదిలేసింది.

"అయ్యయ్యో, ఐలవ్వ గోడకు పోతాంది!" అంటూ సారవ్వ గోడకు ఆనించి ఉన్న పార తీసుకుని దిగింది. ఒంటిచేత్తో నాలుగు పారలు మట్టి లాగి నీళ్ళకు అడ్డం వేసింది. అది చాలక కాలితో తొక్కి గట్టు చేసింది. నీళ్ళు ఆగి, ఆలోచించుకుని, ఆమె చూపిన దిక్కు తిరిగాయి. అంతటితో ఆమె ఇంట్లోకి పోతుందనుకున్నాను.

పోలేదు. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టింది. ఒక రాయిని పక్కకు తన్నింది. ఇంకో గట్టు వేసింది. దానికి ఒక మూల తూము తెరిచింది. నీళ్ళు ఆ చదరంలో నిండుతుంటే వంగి చూసి, ఎక్కడ మిట్ట ఉందో అక్కడ మడమతో అణిచింది. మోకాళ్ళ నొప్పితో నిన్నటిదాకా అడుగు తీసి అడుగు వేయలేని మనిషి. ఒక మడి నిండగానే తూము మూసి కిందికి దిగింది. పెదాలు కదులుతున్నాయి. ఏం అనుకుంటోందో ఇంజిన్ చప్పుడులో నాకు వినిపించలేదు. కట్టు తడవొద్దని అరుద్దామనుకున్నాను.  నాకు ఏడుపు వచ్చింది. కోపం వచ్చినట్టే నాకు ఏడుపు కూడా జల్దీ వస్తుందని షహనాజ్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

రాయమల్లన్న ఇంజిన్ దగ్గరే గొంతుకూర్చున్నాడు. ఆయన నీళ్ళను చూడటం లేదు, ఇంజిన్‌ను చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాడు. ఇన్నేళ్ళుగా భూమి భూమి అని తిరిగింది తన ఒక్కడి పిచ్చి అని ఆమె అంటుంటే ఆయనా నమ్మినట్టున్నాడు. నేనూ నమ్మాను.

ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది. పైపు సన్నబడి చుక్కలకు వచ్చింది. అంత చప్పుడు తర్వాత ఆ నిశ్శబ్దం చెవులకు కొత్తగా ఉంది.

సారవ్వ తల ఎత్తలేదు. పార నేలకు ఆనించి, నీళ్ళు ఆగిన దిక్కే చూస్తూ గట్టిగా అరిచింది.

"ఏందయ్యా, ఎందుకు బంజేసినవ్? కింది మడి ఎండుతాంది!"

ఆమె చూస్తున్న చోట తుమ్మకంప ఉంది.

"ఆగు, పోస్తున్న" అన్నాడు రాయమల్లన్న. నేను తెచ్చిన పెట్రోలు సీసా తీసుకుని, చుక్క లేకుండా మొత్తం ట్యాంకులో పోసి తాడు గుంజాడు.

కింది మడి కూడా నిండిన తర్వాతే ఇంజిన్ విప్పాం.